ఒకటో తేదీ నిరుద్యోగులు

ఆ రోజు వాళ్ళంతా నిరుద్యోగులు. అయినా తెల్లవారేసరికి పనిలో ఉన్నారు.

ఆసుపత్రి పడకల మీద ఉన్నవాళ్ళకి ఒకటో తేదీ పట్టింపు ఉండదు. ఆ రోజు కూడా రక్తం కారుతుంది, వాంతులవుతాయి, ముసలివాళ్ళు పక్క తడుపుకుంటారు. వార్డుల నుంచి దుప్పట్లు మూటలు మూటలుగా దిగుతూనే ఉంటాయి. అందుకని ముందురోజు సాయంత్రం పనిలోంచి తీసేసిన ఆడవాళ్ళే మర్నాడు పొద్దున్నే వచ్చి, కూలి లేకుండా, ఆ మూటలు విప్పుతారు. పది కాగానే చేతులు కడుక్కుని ఉద్యోగాలు సంపాదించుకోవడానికి బయల్దేరతారు.

లాండ్రీ ఆసుపత్రి అడుగున, నేలమాళిగలో ఉంది. కిటికీలు పైకప్పుకి ఆనుకుని ఉంటాయి. వాటిలోంచి బయట నడిచేవాళ్ళ కాళ్ళు తప్ప ఏమీ కనపడవు. ఉతికే యంత్రాలు ఒక గోడ పొడుగునా, నీళ్ళు పిండే యంత్రాలు ఇంకో గోడ పొడుగునా, మధ్యలో ఇస్త్రీ రోలరు. రోలరులోంచి పొగలు కక్కుతూ వచ్చిన దుప్పటిని ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని మడత పెట్టాలి. ఒక్కళ్ళ వల్ల అయ్యే పని కాదు. చల్లారితే ముడతలు పడుతుంది కనుక వేళ్ళు కాలుతున్నా ఆగడానికి లేదు.

ఆ మడత దగ్గర పనిచేసేది పెద్దక్క, చిన్నది. ఇద్దరూ తోడికోడళ్ళు. ఇంట్లో పిలుచుకునే పిలుపులే లాండ్రీలోకి కూడా వచ్చేశాయి. ఏళ్ళ తరబడి ఒకే దుప్పటికి చెరో వైపున నిలబడటంతో వాళ్ళు మాట్లాడుకోనవసరం లేకుండానే అడుగు కలిసేది. కొసలు జాడించడం, ముందుకు రావడం, అంచు అందుకోవడం, వెనక్కి తగ్గడం. ఈ మధ్యనే ఆ లెక్క తప్పింది. చిన్నదానికి ఏడో నెల. మూడో మడతకి దగ్గరకొచ్చేసరికి చేతులకంటే ముందు కడుపు వచ్చి పెద్దక్కకి తగులుతోంది.

"మీ వాడికి అప్పుడే పని నేర్పుతున్నావేంటే?" అంది పెద్దక్క.

"వాడు కూడా కొత్తగా చేరినట్టే రాస్తార్లే అక్కా," అంది చిన్నది. నవ్వింది గాని, ఒక చేయి నడుం మీదకి పోయింది.

ఈ కొత్తగా చేరడం అనే సంగతి చెప్పాలి. లాండ్రీ కాంట్రాక్టరు నెలాఖరున ఆడవాళ్ళందరినీ తీసేస్తాడు. ఒకటో తేదీన ఆ ప్రాంతం నుంచి ఎన్నికైన నాయకుడుగారు జరిపే 'హక్కులు - ఉపాధి దినం'లో, ఆయన చేతుల మీదుగా వాళ్ళందరినీ కొత్తగా పెట్టుకుంటాడు. ఒకే ఆవుని నెలకోసారి సంతకి తోలుకొచ్చి కొన్నట్టు. ఇందువల్ల కాంట్రాక్టరుకి ఒక సుఖం. ఎవరికీ సర్వీసు నిండదు. సర్వీసు నిండితే సెలవులంటారు, పురుడంటారు, కాలు విరిగితే ఖర్చులంటారు. నాయకుడుగారికి ఇంకో సుఖం. ప్రతి నెలా ఆయన అచ్చువేయించి ఇంటింటికీ పంచే రంగుల పుస్తకంలో ఉపాధి అనే పేజీ నిండుతుంది. ఆయన ఎన్నికైన దగ్గర్నుంచీ ఉద్యోగాలిచ్చిన ఆడవాళ్ళందరినీ కూడితే ఆ ఊరి ఆడవాళ్ళకంటే ఎక్కువవుతారు. ఆ కూడిక ఎవరూ వేయరు. పుస్తకం నున్నటి కాగితం కనుక అద్దాలు తుడుచుకోవడానికి కూడా పనికిరాదని ఇళ్ళలో విసుక్కుంటారు.

ఆ ఆడవాళ్ళకి మొదట్లో ఇది తప్పని తోచలేదా అంటే, తోచింది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత నవ్వులాటైంది. ముందురోజు తమ దగ్గర తీసుకున్న నీలం ఏప్రాన్లని పొద్దున తామే ఉతికి, ఇస్త్రీ చేసి, కొత్తవాటిలా ప్లాస్టిక్ సంచుల్లో పెట్టేవాళ్ళు. నాయకుడుగారు వేదిక మీద ఒక్కొక్కరికీ వాటిని కట్టేవాడు. కట్టేముందు ఒకరిద్దర్ని ఆపి, "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగేవాడు. "ఇంట్లో ఖాళీగా ఉన్నానండి," అనాలి. ఆ మాట ఎంత దీనంగా అన్నారన్నదాని మీద తిరుగుదారిలో వాళ్ళు ఒకరినొకరు వెక్కిరించుకునేవాళ్ళు. అందరిలోకీ బాగా అనేది పెద్దక్కే. 'ఖాళీగా' దగ్గర గొంతు కాస్త వణికించేది. ఇన్నిసార్లు అన్నా నాయకుడుగారు ఆమెను గుర్తుపట్టలేదు. ఆయన చూసేది కెమెరా వైపు.

ఇక హక్కుల సంగతి. ఆయన నెలకో హక్కు చొప్పున ఇస్తాడు. ఇవ్వడమంటే ఒక బోర్డు మీద రాయించి ముసుగు తీయడం. కిందటి నెల హక్కు ప్రసూతి సెలవు. వరసగా ఆరు నెలలు పనిచేసిన ఏ ఆడమనిషికైనా కాన్పుకి ముందూ వెనకా జీతంతో సెలవు. "కడుపులో ఉన్న బిడ్డ కూడా నా మనిషే," అన్నాడాయన, మైకు దగ్గర కళ్ళు తుడుచుకుంటూ. ఆ బోర్డుని తెచ్చి లాండ్రీ గోడకి, ఆరేసే కడ్డీల వెనక కొట్టారు. వారం తిరక్కుండా ఆవిరికి అక్షరాలు ఉబ్బాయి.

నవ్వులాట అక్కడ బెడిసింది. చిన్నది ఆ మాట నమ్మింది. ఇన్నేళ్ళ నాటకం తెలిసి కూడా నమ్మింది. నాయకుడుగారి కళ్ళలో నీళ్ళు చూసి నమ్మాను అని తర్వాత సిగ్గుపడుతూ చెప్పింది. ఆ రోజే అర్జీల వరసలో నిలబడి అడిగింది. ఆయన "తప్పకుండా, తప్పకుండా" అని తల నిమిరాడు. పక్కనున్న పీఏ, నువ్వు చేరింది ఇవాళే కదమ్మా, ఆరు నెలలు ఎక్కడివి, అన్నాడు. వేరొకతె అయితే తల దించుకుని వచ్చేసేది. చిన్నది అక్కడి నుంచి నేరుగా కార్మిక శాఖ ఆఫీసుకి నడిచింది. అక్కడి ఇన్‌స్పెక్టరమ్మ ముందు కూర్చుని అంతా చెప్పింది. ఇన్‌స్పెక్టరమ్మ విని, ఒకరి మాట మీద నడవదు, వచ్చే ఒకటో తేదీకి నేనే వచ్చి వింటాను, అంది. ఆ మాట కాంట్రాక్టరు చెవిన పడటానికి ఒక పూట కూడా పట్టలేదు.

తొమ్మిది దాటాక, కాంట్రాక్టరు తరఫున పని చూసే మేస్త్రీ వచ్చి ఏప్రాన్ల సంచులు చూసుకున్నాడు. చిన్నది తనది అందివ్వబోతే తీసుకోలేదు.

"నీది అక్కర్లేదు. నువ్వు వేదిక మీదకి రావద్దన్నారు."

"ఎందుకు బాబాయ్?"

"ఎందుకో నాకేం తెలుసమ్మా. రావద్దన్నారు, రావద్దంటున్నాను." మేస్త్రీ చెడ్డవాడు కాదు. కాని అతని మంచితనం అతనికి తప్ప ఎవరికీ ఉపయోగపడలేదు. మొహం పక్కకి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

చిన్నది ఏప్రాన్ని చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. రోలరులోంచి వచ్చిన దుప్పటి నేలకి జారబోతే పెద్దక్క ఒక్కతే రెండు కొసలూ అందుకోబోయి చెయ్యి కాల్చుకుంది.

కాసేపటికి పీఏ దిగాడు. మెట్ల మీద నుంచే ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. అతను నున్నగా దువ్విన మనిషి. నాయకుడుగారి పేర వచ్చే ప్రతి మాటా అతనే రాస్తాడు, కన్నీళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో కూడా అతనే రాస్తాడు. పెద్దక్కని యంత్రాల వెనక్కి పిలిచాడు.

"చూడమ్మా, ఈ నెల పుస్తకం మీద నీ ఫొటోనే. సార్ నిన్నే అడుగుతారు. నువ్వు బాగా చెబుతావట కదా."

"ఎప్పుడూ చెప్పేదేగా సార్."

"ఎప్పుడూ చెప్పేదే. కాకపోతే ఇవాళ వేదిక మీద ఇన్‌స్పెక్టరమ్మ కూడా ఉంటుంది. ఆవిడ నీ నోటి మాట రాసుకుని వెళ్ళిపోతుంది. ఇంట్లో ఖాళీగా ఉన్నాను, సార్ దయవల్ల ఇవాళే పని దొరికింది. అంతే. ఏడవొద్దు, కళ్ళు చెమరిస్తే చాలు."

పెద్దక్క కాలిన చేతిని కొంగుతో చుట్టుకుంది.

"నీ తోడికోడలి సంగతి నాకు తెలుసు," అన్నాడు పీఏ, గొంతు తగ్గించి. "పాపం చిన్నపిల్ల. నువ్వు ఆ మాట అనేసెయ్, రేపు పొద్దున తనూ పనిలోకి రావచ్చు. కడుపు కాస్త కనపడకుండా వెనక ఎక్కడో పెడతాం. అనలేదనుకో, ఇద్దరికీ పని లేదు. ఈ ఊళ్ళో ఏ ఆసుపత్రి లాండ్రీ అయినా మా కాంట్రాక్టరుదే, నీకు తెలుసుగా."

"మరి సెలవో సార్?"

"సెలవేంటి?"

"బోర్డు మీద రాశారుగా."

పీఏ ఆమెను జాలిగా చూశాడు. బోర్డులు చదివేవాళ్ళంటే అతనికి ఎప్పుడూ అదే జాలి. "బోర్డు అందరికీ అమ్మా," అని మెట్లెక్కాడు.

పెద్దక్క మళ్ళీ రోలరు దగ్గరకి వచ్చింది. భయం వేసింది ఆమెకి. ఆమె మొగుడు నడుం పట్టేసి ఏడాదిగా బరువు పనికి పోలేకపోతున్నాడు. మరిది దూరాన రోడ్డు పనిలో ఉండి, పంపిన నెల పంపుతాడు, లేని నెల లేదు. ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఈ ఇద్దరి రెక్కల మీదే. ఇద్దరి రోజు కూలి కలిపితే ఒక పాలపిండి డబ్బా వస్తుంది. ఆ కూలి కూడా లేకపోతే ఏమవుతుందో ఊహించడానికి ఆమెకి పెద్ద ఊహేమీ అక్కర్లేదు.

కాని ఇంకోటి కూడా ఆమె మనసులోంచి పోవడం లేదు. నిరుడు మూటలు మోసే ఆమెకి, కడుపుతోనే పనికి వస్తూ ఉండగా, మాసిన దుప్పట్ల మూటల మీదే పురుడొచ్చింది. పైన మూడంతస్తుల నిండా డాక్టర్లున్న ఆసుపత్రి. పెద్దక్క, చిన్నది ఆమెను మెట్ల మీదుగా మోసుకెళ్ళేసరికే ఆలస్యమైంది. బిడ్డ దక్కలేదు. తర్వాతి ఒకటో తేదీన ఆ మూటలామె కూడా వేదికెక్కి, ఇంట్లో ఖాళీగా ఉన్నానండి, అంది. ఆ రోజు తిరుగుదారిలో ఎవరూ ఎవర్నీ వెక్కిరించలేదు.

పదింటికి అందరూ బయల్దేరారు. నాయకుడుగారి సభ జరిగే హాలు రెండు వీధుల అవతల. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. చిన్నది కూడా వెంట వచ్చింది, వేదికెక్కనివ్వకపోతే చూడనైనా చూస్తానని. పెద్దక్క ఆమెను వెనక్కి లాగి, పీఏ చెప్పిందంతా చెప్పింది.

"అయితే అనేస్తావా?" అంది చిన్నది.

"అనకపోతే ఏం చేద్దామే? రేపట్నించి ఏం తిందాం? అనేస్తే నీకు పనైనా ఉంటుంది."

"పని ఉంటుంది. ఆ మూటలామెకీ ఉంది."

"అలా అనకే."

"ఏమనను? అక్కా, నువ్వు ఖాళీగా ఉన్నానంటే నేనూ ఖాళీగా ఉన్నట్టేగా? నువ్వొక కొస పట్టుకోకుండా నేను ఇంకో కొస ఎవరితో మడతేశాను? గాలితోనా?" చిన్నది ఆగి ఊపిరి తీసుకుంది. నడుస్తూ మాట్లాడితే ఆయాసం వస్తోంది. తర్వాత మెత్తగా అంది, "నిన్ను అనొద్దనను. ఇంట్లో పిల్లలు నీకూ ఉన్నారు. బావ మందులున్నాయి. అనేస్తే నేనేమీ అనుకోను."

ఆ చివరి మాటకి పెద్దక్కకి కోపం వచ్చింది. తిట్టినా బాగుండేదనిపించింది. ఇంత చిన్నపిల్ల తనని క్షమించేసి పక్కన నడుస్తోంది. నీ క్షమ నువ్వే ఉంచుకో అని అరవాలనిపించింది. "నడు, నడు. ఎండ," అంది పైకి.

హాలు గుమ్మం దగ్గర కాపలాదారు చిన్నదాని కడుపు చూసి ఆపేశాడు. పీఏ ముందే చెప్పి ఉంచినట్టున్నాడు. మిగతావాళ్ళని హాలు పక్కన ఎండలో వరసగా నిలబెట్టారు. లోపల నాయకుడుగారు ఈ నెల హక్కు ప్రసాదిస్తున్నాడు. ఈ నెలది విశ్రాంతి హక్కు. మనిషి యంత్రం కాదని, కాసేపు కూర్చునే తీరిక లేని సమాజం నాగరిక సమాజం కాదని ఆయన గంటసేపు చెప్పాడు. బయట ఎండలో నిలబడ్డవాళ్ళకి ఆ మాటలన్నీ మైకులో స్పష్టంగా వినిపించాయి. మూటలామె నీడ కోసం గోడకి ఆనుకోబోతే, గోడకి కొత్త రంగు వేశారు, దూరంగా జరుగు, అన్నాడొకడు.

చివరికి వాళ్ళని వేదిక మీదకి పిలిచారు. నాయకుడుగారు నిండుగా, నిగనిగలాడుతూ ఉన్నాడు. చేతులు ముందుకి చాచుకుని నడిచే అలవాటు ఆయనకి, దారిలో ఏ చిన్నపిల్ల తల తగిలినా నిమరడానికి సిద్ధంగా. ఒక కుర్చీలో కాంట్రాక్టరు. ఇంకో కుర్చీలో ఇన్‌స్పెక్టరమ్మ, ఒళ్ళో కాగితాలు పెట్టుకుని, గ్లాసులో చల్లటిదేదో తాగుతోంది. ఆమె మొహం చూస్తే ఏమీ తెలియలేదు. మంచిదీ కావచ్చు, భోజనం వేళ అవుతోందని చూసుకుంటున్నదీ కావచ్చు.

ఈ నెల పీఏ ఒక కొత్త ఆలోచన చేశాడు. ఉద్యోగం ఇవ్వడమే కాదు, పని కూడా నేర్పుతున్నామని చూపించాలి. వేదిక మధ్య ఒక బల్ల, దాని మీద తెల్లటి దుప్పటి. కాంట్రాక్టరు లేచి, "ఇలా పట్టుకోవాలమ్మా, ఇలా మడవాలి," అని చూపించాలి. ఇద్దరు ఆడవాళ్ళు తడబడుతూ నేర్చుకోవాలి. "బాగా రాకూడదు, తెలిసిందా? కొత్తవాళ్ళు కదా, ఒక కొస జారిపోవాలి," అని పీఏ వరసలో ఉండగానే పదేపదే చెప్పి ఉంచాడు. పెద్దక్క, మూటలామె ముందుకి వచ్చారు.

కాంట్రాక్టరు దుప్పటి అందుకున్నాడు. ఇన్నేళ్ళుగా దుప్పట్ల మీద బతుకుతున్న మనిషి, జన్మలో ఒక దుప్పటి మడిచిన పాపాన పోలేదు. అడ్డం ఏదో నిలువు ఏదో తెలియక మెడకి చుట్టుకున్నాడు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దక్క అతన్ని విడిపించడానికి ఒక కొస అందుకుంది. ఎదురుగా మూటలామె రెండో కొస అందుకుంది. అంతే. పీఏ చెప్పింది ఇద్దరికీ గుర్తుంది, తడబడదామనే అనుకున్నారు. కాని కొసలు చేతికి వచ్చాక చేతులు వాళ్ళ మాట వినలేదు. దుప్పటి ఒక్కసారి గాల్లోకి లేచి బల్లపరుపుగా పరుచుకుంది. రెండైంది, నాలుగైంది, ఇద్దరూ అడుగు ముందుకీ వెనక్కీ వేశారు, ఎనిమిదైంది. కాంట్రాక్టరు ఇంకా మెడ తడుముకుంటూ ఉండగానే అది అంచులు కలిసి చదునుగా బల్ల మీద ఉంది.

హాల్లోవాళ్ళంతా ఆ బల్ల వైపే చూశారు. పీఏ మొహం పాలిపోయింది. అయిపోయింది, అందరికీ తెలిసిపోయింది, ఇక తన నోటితో చెప్పనక్కర్లేదు అనుకుంది పెద్దక్క. క్షణంపాటు ప్రాణం హాయిగా కూడా అనిపించింది.

నాయకుడుగారు చప్పట్లు మొదలుపెట్టాడు.

"చూశారా! చూశారా మన ఆడబిడ్డల తెలివి! ఒక్క నిమిషంలో! ఒక్కసారి చూపిస్తే నేర్చేసుకున్నారు! ఇలాంటివాళ్ళని ఇన్నాళ్ళు ఇళ్ళలో కూర్చోబెట్టిన పాపం ఎవరిది?"

హాలు దద్దరిల్లిపోయేలా చప్పట్లు కొట్టారు. కాంట్రాక్టరు కొట్టాడు. గ్లాసు పక్కన పెట్టి ఇన్‌స్పెక్టరమ్మ కూడా కొట్టింది. కళ్ళ ముందు నిజం కనపడ్డా, అదేమిటో ఒక పెద్దమనిషి చెప్పేదాకా ఆగి, ఆయన ఎలా చెబితే అలా చూసే జనం ఎక్కడైనా ఉంటారు. ఆ హాలు నిండా వాళ్ళే ఉన్నారు. పెద్దక్కకి వాళ్ళని చూస్తే అసహ్యం వేసింది. ఆ వెంటనే, నెలనెలా ఆ చప్పట్లకి గొంతు వణికించిన తనని తలుచుకుని అంతకంటే అసహ్యం వేసింది.

నాయకుడుగారు నీలం ఏప్రాన్ అందుకుని ఆమె దగ్గరకొచ్చాడు. తన మొహం కెమెరాలో సరిగా పడేలా కాస్త ఓరగా నిలబడ్డాడు. పీఏ మైకు తెచ్చి ఆమె నోటి దగ్గర పెట్టాడు. వేళ్ళతో ఆమె మోచేతిని గట్టిగా నొక్కాడు.

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావమ్మా?"

పెద్దక్క నోరు తెరిచింది. మాట నాలుక మీద సిద్ధంగానే ఉంది, ఇన్నిసార్లు అన్న మాట. ఇంట్లో మొగుడు మంచం మీద అటు తిరగలేక ఇటు తిరగలేక మూలగడం గుర్తొచ్చింది. పిల్లలు గుర్తొచ్చారు. హాలు చివర గుమ్మంలో, కాపలాదారు అడ్డం పెట్టిన చేతి మీద నుంచి చిన్నది మెడ చాచి చూస్తోంది. నిలబడలేక ఒకసారి ఈ కాలి మీదకి, ఒకసారి ఆ కాలి మీదకి ఒరుగుతోంది.

"మీ ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతున్నానండి," అంది పెద్దక్క.

నాయకుడుగారికి సరిగా వినపడలేదు. వినపడే అలవాటు లేదు. "ఇంట్లో దుప్పట్లా! బాగుంది, బాగుంది. ఇంటిపని కూడా పనేనమ్మా, నేను ఎప్పుడూ చెబుతుంటాను," అని జనం వైపు తిరిగి నవ్వాడు. జనం నవ్వారు. ఏప్రాన్ తాళ్ళు విప్పి ఆమె మెడ వైపు చేతులు చాచాడు.

పెద్దక్క ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇంట్లో కాదండి. ఆసుపత్రిలో. మా పెద్దాడు పుట్టకముందు నించి. ఇవాళ పొద్దున కూడా ఉతికే వచ్చాను, కూలి లేకుండా. నేను ఎప్పుడూ ఖాళీగా లేను." గొంతు వణికింది. ఈసారి వణికించింది ఆమె కాదు. "నాకిప్పుడు మీరిచ్చే ఉద్యోగం వద్దు. నాది నాకుంది. చేసిన పని చేశానని రాయండి, చాలు."

పీఏ మైకు లాక్కున్నాడు. కాని అప్పటికే అందరూ విన్నారు. ఈసారి వాళ్ళకి ఎలా వినాలో చెప్పేవాళ్ళు లేరు. మూటలామె వెనక నుంచి వచ్చి పెద్దక్క పక్కన నిలబడింది. వరసలో తర్వాతి ఆమెను ముందుకి రమ్మని కాంట్రాక్టరు సైగ చేశాడు. ఆమె తల దించుకుంది గాని కదల్లేదు.

ఇన్‌స్పెక్టరమ్మ కుర్చీలో కాస్త ముందుకి వంగింది. "మీరొక్కరేనా? మీతో పాటు ఇంకెవరు చేశారు?" అంది. అడిగిన తీరులో కోపమూ లేదు, దయా లేదు. ఆఫీసులో బల్ల ముందు ఎవరినైనా అలాగే అడుగుతుందేమో.

పెద్దక్క గుమ్మం వైపు తిరిగింది. మైకు లేకపోయినా లాండ్రీ యంత్రాల హోరులో మాట్లాడి మాట్లాడి పెరిగిన గొంతు అది.

"చిన్నదానా! ఇలా రావే!"

కాపలాదారు పీఏ వైపు చూశాడు. పీఏ వద్దని చెయ్యి ఊపాడు. ఈలోగా చిన్నది ఆ అడ్డం పెట్టిన చేతిని రెండు చేతులతో పట్టుకుని, తలుపు గడియ తీసినట్టు పక్కకి జరిపి, లోపలికి వచ్చేసింది. కుర్చీల మధ్య దారి ఇరుకు. కూర్చున్నవాళ్ళు కాళ్ళు దగ్గరకి లాక్కుంటే తప్ప ఆ కడుపుకి దారి లేదు. ఒకరి తర్వాత ఒకరు విసుక్కుంటూనో, విస్తుపోతూనో లాక్కున్నారు. ఆమె తొందరపడలేదు, పడలేదు కూడా. కుర్చీ వీపులు పట్టుకుంటూ, మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ నడిచి వస్తోంది.

పీఏ కెమెరావాడి దగ్గరకి పరుగెత్తి వాడి చెవిలో ఏదో అన్నాడు. కెమెరా మీద ఎర్ర దీపం ఆరిపోయింది.

వేదిక మధ్య నాయకుడుగారు ఏప్రాన్ తాళ్ళు రెండూ పట్టుకుని, కాస్త ఓరగా నిలబడి, ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. దీపం ఆరిందని ఆయనకి ఎవరూ చెప్పలేదు.